ముప్పయ్యొక్క అంగుళాల లక్ష్మీదేవి

ఇప్పటి పిల్లలు నన్ను చూసి, "మేడమ్, మీరు వెబ్‌సైట్లు చేసేవారంట గదా, ఏ కాలేజీలో నేర్చుకున్నారు?" అని అడుగుతుంటారు. ఏ కాలేజీలోనూ కాదు. నేను నంద్యాలలో టైపు ఇన్‌స్టిట్యూట్ మనిషిని. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది, టైపు హయ్యరు మాత్రం పాసయింది. ఆ ఒక్క సర్టిఫికెట్టుతోనే ఏళ్ళ తరబడి అన్నం తిన్నాను. వెబ్ అప్లికేషన్ అన్న మాట మొదటిసారి నా చెవిన పడేసరికి నలభై దాటాయి. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడతావా అని మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. ముడి పడింది. ఎట్లా పడిందో చెబుతాను. మీలో ఎవరికైనా మొండితనం కొంచెం తక్కువైతే నా దగ్గర తీసుకోండి, ఇంకా చాలానే మిగిలి ఉంది.

తొంభైల్లో మా ఇన్‌స్టిట్యూట్‌లో పొద్దుటి బ్యాచ్‌లో సీటు కావాలంటే సిఫారసు పట్టుకురావాలి. బనగానపల్లె నుంచి, బేతంచెర్ల నుంచి మొదటి బస్సుకు దిగే పిల్లలుండేవారు. బేతంచెర్ల పిల్లలు వచ్చి వెళ్ళాక మా గడప దగ్గర నాపరాతి పొడి తెల్లగా పడి ఉండేది, ఊడ్చుకునేది నేనే. లోపల టైపు మిషన్లన్నీ ఒక్కసారిగా మొదలైతే పక్కగదిలో టైలరుకు తన మిషన్ చప్పుడు తనకే వినపడేది కాదు. రోజూ మా మీద అరిచేవాడు, మేం వినపడనట్టు ఉండేవాళ్ళం. నిజంగానే వినపడేది కాదు.

ఆ ఇన్‌స్టిట్యూట్ మా మాస్టారిది. నేను ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన దగ్గరే పనిలో చేరాను. మనిషి సన్నం, మాట కరుకు. పేజీలో ఒక్క అక్షరం తప్పు పడితే దాన్ని చించి, మొదటి నుంచి కొట్టించేవారు. నేను ఎన్నిసార్లు ఏడ్చానో లెక్కలేదు. ఒకసారి చేతిసంచి తీసుకుని వెళ్ళిపోబోతే గుమ్మానికి అడ్డం కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన చేతికింద తయారైనవాళ్ళు కర్నూలు కోర్టులో, కలెక్టరాఫీసులో, పగిడ్యాల మండలాఫీసులో, ఎక్కడ చూసినా ఉండేవారు.

రెండువేలు దాటాక కథ మారింది. మా ఎదురుగా రోడ్డుకు అవతల కంప్యూటర్ సెంటర్ పడింది. అద్దాల తలుపు, లోపల ఏసీ, చెప్పులు బయట విడవాలి. చూస్తుండగానే మా పిల్లలు రోడ్డు దాటి అక్కడ చెప్పులు విడవడం మొదలుపెట్టారు. మాస్టారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, "గాలివాటం. పోయినోళ్ళు మళ్ళా వస్తారు" అనేవారు. ఎవరూ రాలేదు. మా గదుల్ని బట్టల షాపుకు ఇమ్మని ఒకాయన తిరుగుతున్నాడని, మాస్టారు ఇచ్చేసేట్టే ఉన్నారని ఆయన భార్య నాతో చెప్పి కళ్ళొత్తుకుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే పోయి ఎదుటి సెంటర్‌లో చేరాను.

క్లాసులో అందరూ డిగ్రీ పిల్లలు. నేను కుచ్చిళ్ళు సర్దుకుని వెనక బెంచీలో కూర్చుంటే ముందు బెంచీలన్నీ వెనక్కి తిరిగేవి. పాఠం చెప్పే ఆయన బనగానపల్లె మనిషి, నాకంటే బాగా చిన్న. నేను ఆయన్ని 'సారూ' అంటే, ఆయన నన్ను 'అక్కా' అనేవాడు. మొదటిరోజే తేల్చేశాడు.

"అక్కా, టైపు వేరే, ఇది వేరే. కంప్యూటర్‌లో ఉత్తరాలు కొట్టేది నేర్చుకో, సాలు. ఈ వెబ్బు నీకెందుకు?"

ముందు బెంచీ నవ్వింది. నాపరాళ్ళ సీమలో పుట్టినదాన్ని, నవ్విన నాపచేనే పండుతుందని నాకొకరు చెప్పాలా? నోరు మూసుకుని పుస్తకం తెరిచాను.

పిల్లలకు తెర మీద అక్షరాలు పరిగెత్తించడం, రంగులు మార్చడం మీద మోజు. నాకు నచ్చింది వేరే పాఠం, ఎవరికీ నచ్చనిది. ఎక్స్‌ఎమ్మెల్ అంటారు. అందులో ఏదీ మెరవదు, ఏదీ కదలదు. ఒక్కో విషయాన్ని దాని పేరు రాసిన రెండు గుర్తుల నడుమ పెట్టడం, అంతే. ఆ గుర్తుల్ని ట్యాగులంటారు. వంటింట్లో ఒకే రకం స్టీలు డబ్బాలు వరసగా ఉంటాయి చూడండి, వాటి మీద చీటీలు అంటించకపోతే కొత్తగా వచ్చిన మనిషి ప్రతి మూతా తీసి చూసుకోవాలి. చీటీ ఉంటే ఎవరైనా వండుకోవచ్చు. ఇది పేరు, ఇది ఎత్తు, ఇది ఊరు అని మనకు చూడగానే తెలిసే సంగతిని కంప్యూటర్‌కు కూడా తెలిసేట్టు చీటీ అంటించడమే ఆ పాఠం. తెరిచిన ప్రతి ట్యాగునూ మూయాలి, ఒక్కటి మరిచినా పేజీ మొత్తం మొరాయిస్తుంది. పిల్లలు దానికే విసుక్కునేవారు. నాకు మాత్రం మా ఇంటికి నేను వచ్చినట్టుంది. అక్షరం తప్పితే కాగితం చించే మాస్టారి చేతికింద పెరిగాను మరి.

ఆ చీటీల్లోంచి, అడిగినవాళ్ళకు అడిగింది వెతికి చూపించే ప్రోగ్రాం రాయడం తర్వాతి మెట్టు. అక్కడ నాకు చుక్కలు కనపడ్డాయి. రాసింది పనిచేసేది కాదు, ఎందుకు చేయలేదో ఇంగ్లీషులో తిట్టేది, ఆ తిట్టు అర్థం చేసుకోవడానికి మళ్ళీ పుస్తకం. ఇంట్లో పప్పు మాడిన రోజులున్నాయి. వదల్లేదు. కొన్నాళ్ళకు సారు నవ్వడం మానేశాడు, ఇంకొన్నాళ్ళకు ముందు బెంచీ డౌట్లు పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. ఒక్క సంగతి మాత్రం అక్కడ నేర్చుకోలేదు. ఏ ట్యాగులో ఏ రకం విషయం పడొచ్చో, ఏది పడకూడదో కంప్యూటర్‌కు ముందే కట్టుబాటు చెప్పే పాఠం ఒకటుంది. "అది పరీక్షలో రాదు లేక్కా" అని సారు ఆ పేజీలు దాటేశాడు.

కంప్యూటర్ కొందామని మాస్టారిని అడిగితే పేపరు ఆఖరి పేజీ దాకా చదివారు. చివరికి, "కొంటా. నువ్వు కూచో. నన్ను మాత్రం దాని ముందర కూచోమనొద్దు" అన్నారు. టైపు మిషన్లు రెండు అటు జరిపి, కంప్యూటర్‌కు కుంకుమ పెట్టి దించాం.

ఇక అసలు సంగతి. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన ఏళ్ళ తరబడి మా దగ్గర ఉత్తరాలు కొట్టించుకునేవాడు. బయటి ఊళ్ళ గుడి కమిటీలకు ఇంగ్లీషులో రాయాలి కదా. ఒకరోజు ఉత్తరం చెబుతూ చెబుతూ ఆపేశాడు.

"ఇది పోయి ఏం లాభం తల్లీ? నడుమ దళారి ఉండాడు. చెక్కేది మేము, ఫొటోలు సూపించేది ఆయప్ప. మా రాయి బళ్లారి పోతాది, బెంగుళూరు పోతాది. మేము మాత్రం ఆళ్లగడ్డ దాటం."

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం ఆ దళారి. అప్పుడే బళ్లారి దగ్గర ఒక ఊళ్ళో కొత్త గుడి లేస్తోందట. కొన్ని విగ్రహాలు తయారుగా ఉన్నవి తీసుకుంటారు, మిగతావి చెక్కిస్తారు. ఆ పని వస్తే ఆళ్లగడ్డలో ఆరేడు షెడ్లకు ఏడాదంతా చేతినిండా పని. దళారి అప్పటికే కమిటీ చుట్టూ తిరుగుతున్నాడు.

"పెద్దాయనా, మీ విగ్రహాలన్నీ ఇంటర్‌నెట్‌లో పెడ్తే కమిటీవాళ్ళే చూసుకుంటారు. దేవుని పేరు కొట్టి, ఎత్తు కొట్టి, యా షెడ్డులో ఉండాదో వాళ్ళే ఎతుక్కుంటారు. నడుమ ఎవురూ వద్దు" అన్నాను.

"నీకొచ్చునా ఆ పని?"

"వస్తాది" అన్నాను. అప్పటికి సగమే వచ్చు.

అన్నాక వెనక్కి తగ్గే అలవాటు లేదు నాకు. ఆళ్లగడ్డ బస్సెక్కి తిరిగాను. షెడ్డుకు ఇవతల ఉండగానే ఉలి మోత వినపడేది. మోతల్లో పెరిగినదాన్ని కాబట్టి నాకు కొత్తనిపించలేదు, కళ్ళల్లో పడే రాతి పొడి మాత్రం కొత్త. ఒక షెడ్డులో సగం చెక్కిన గరుత్మంతుడి తొడ మీద టిఫిన్ క్యారియర్ పెట్టి ఉంది. నేను నోరు తెరిచేలోపే, "ఇంగా దేవుడు కాలేదు లెమ్మా" అన్నారు. టేపు పట్టుకుని ఒక్కో విగ్రహాన్నీ కొలుచుకున్నాను. దేవుడెవరు, కూర్చున్నాడా నిలబడ్డాడా, ఏ రాయి, ఎంత ఎత్తు, ఏ షెడ్డు. ఇవే నా ట్యాగులు.

పెద్దాయన కమిటీవాళ్ళను ఫోన్లో బతిమాలి ఒప్పించాడు. ఒక సోమవారం పొద్దున వాళ్ళంతా బళ్లారిలో నెట్ సెంటర్‌లో కూర్చుంటారు. మధ్యాహ్నం భోజనాల లోపల కావలసినవి కనపడితే నేరుగా ఆళ్లగడ్డకు వస్తారు. కనపడకపోతే దళారి తీసుకుపోయే చోటికి పోతారు. మాకూ అదే ఆఖరి గడువు. ఈ పని నిలబడితే ఇట్లాంటివి నాలుగు వస్తాయి, ఇన్‌స్టిట్యూట్ బతుకుతుంది. లేదంటే మంగళవారం బట్టల షాపాయనకు మాటిచ్చేస్తానని మాస్టారు నాతో తెగేసి చెప్పారు.

నేను ప్రోగ్రాం రాస్తూ, మధ్యమధ్య విగ్రహాల వివరాలు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టేదాన్ని. కంప్యూటర్ కీబోర్డుకు కుడివైపు చివర అంకెలకు వేరే మీటలుంటాయి. సారు నాకు మొదటి నుంచీ అంకెలు అక్కడే అలవాటు చేశాడు. నా చెయ్యి అటూ ఇటూ పోతుంటే మాస్టారు వెనక నిలబడి చూశారు, చూశారు, ఇక తట్టుకోలేకపోయారు.

"లెయ్. కోడి గింజలేరినట్టు ఏందీ ఆ కొట్టుడు? నేనేర్పిన చెయ్యేనా అది?"

లేచాను. దాని ముందర కూర్చోమనొద్దన్న మనిషి తనే కూర్చున్నారు.

"అంకెలు ఈడ కొట్టొచ్చు సార్" అని కుడివైపు చూపించాను.

"చెయ్యి ఇల్లు దాటితే వేళ్ళు చెడిపోతాయి. నువ్వు పో, నీ పని చూసుకో పో."

ఆ రోజు నుంచి, నేను కొట్టినవి కూడా చెరిపించి, వివరాలన్నీ ఆయనే కొట్టారు. చూస్తే ముచ్చటేసేది. ట్యాగు తెరిచిన చోట తెరిచి, మూసిన చోట మూసి, అన్ని పేజీల్లో ఒక్క ట్యాగు తప్పు పోలేదు. సారు రోడ్డు దాటి వచ్చి చూసి, "అక్కా, ఈయప్ప మనిషా, మిషనా?" అన్నాడు. మాస్టారు వినపడనట్టు ఉన్నారు గానీ చెవులు ఎర్రబడ్డాయి. పేపరు చదవడం తగ్గింది. పొద్దున నాకంటే ముందే వచ్చి తాళం తీసి, "ఇంగేం కొట్టాల?" అని నిలబడేవారు. ఆయన్ని అట్లా చూసి ఎన్నేళ్ళయిందో. నాకు ఎంత సంతోషంగా ఉండేదో మీకు చెప్పలేను.

అంతా సర్వర్‌కు ఎక్కించాక వెతికి చూశాను. అడుగుల లెక్క మనకు అలవాటు కదా, రెండడుగులకు ఇరవై నాలుగని కొట్టాను, మూడడుగులకు ముప్పై ఆరని కొట్టాను. విగ్రహాలు చక్కగా వచ్చి నిలబడ్డాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం పెద్దాయన, ఇంకో ఇద్దరు శిల్పులు తెల్లపంచెలు కట్టుకుని పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. సారు కూడా తన సెంటర్ వదిలి వచ్చాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీలు తెప్పించారు. టీ తాగుతుండగా ఫోన్ మోగింది. కమిటీ పెద్ద. ఆయన మాట సగం తెలుగు, సగం కన్నడం, 'ఇల్ల' అంటే లేదని.

"ఏనమ్మా, మీ ఆళ్లగడ్డలో లక్ష్మి ఇల్లవా?"

"కావాల్సినన్ని ఉండాయి సార్. ఎంత ఎత్తు కొట్టినారు?"

"ముప్పయ్యొకటి. మా గుడిలో అన్నీ ఒకటి మీదనే ముగియాల, మా పురోహితులు చెప్పినారు. లక్ష్మి ఇల్ల, గరుడ ఇల్ల, హనుమంతుడూ ఇల్ల. ఏం కొట్టినా ఇల్ల అనే వస్తాది!"

ఒకటి మీద ముగిస్తే అక్కడితో ఆగదు, ఇంకా పెరుగుతుందని వాళ్ళ నమ్మకం. బళ్లారి వైపు గుళ్ళు అట్లా అడుగుతాయని తెలిసే శిల్పులు చాలా విగ్రహాలను ఇరవయ్యొకటి, ముప్పయ్యొకటి అంగుళాల్లో చెక్కి పెట్టారు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్దాయన టీగ్లాసు కింద పెట్టేశాడు.

"ముప్పయ్యొకటి లక్ష్మి మా షెడ్డులోనే ఉండాది గదా తల్లీ. నువ్వే కొలిచినావే!"

"భోజనాల దాకా ఉండండి సార్, అంతలోపల వస్తాది" అని ఫోన్లో చెప్పాను.

"నోడోణ" అని పెట్టేశాడాయన. చూద్దామని. 

మా కంప్యూటర్‌లో అదే పేజీ తెరిచాను. అన్ని విగ్రహాలూ చూపించమంటే, ఆ వరసలో లక్ష్మీదేవి, కృష్ణశిల, ముప్పయ్యొకటి అని నా కళ్ళెదుటే ఉంది. ముప్పయ్యొకటి వెతకమంటే లేదంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

"ప్రోగ్రాం తప్పక్కా. ఎతికే ముక్క మళ్ళా రాయాల" అన్నాడు సారు.

"ప్రోగ్రాం తప్పయితే ఇరవై నాలుగు ఎట్ల వస్తాండాది? ముప్పై ఆరు ఎట్ల వస్తాండాది?"

వెనక ఒక శిల్పి, "దళారి అన్నది నిజమే. రాయి చెక్కేటోళ్ళకు ఇయ్యన్నీ యాల?" అని గొణిగాడు. అది నా వీపు మీద చరిచినట్టయింది. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. సారు పక్కన కూర్చున్నాడు. ఒక్కో ఎత్తూ కొట్టి, ఏది వస్తోంది, ఏది రాలేదు అని చూస్తూ పోయాం. సారుకే ముందు తట్టింది.

"అక్కా, ఒకటి ఉండేటివే రావడంల్యా. పదకొండు రాలా, పద్దెనిమిది రాలా, ఇరవయ్యొకటి రాలా."

నిజమే. కానీ తెర మీద ఒకటి ఒకటిలాగే ఉంది. ఎంత చూసినా అందులో తప్పు కనపడలేదు. అప్పుడు మాస్టారే నాకెప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఒకే తప్పు పేజీ అంతా వస్తే కాగితం చూడొద్దు, పిల్లోడి వేళ్ళు చూడు అని. తెర మీద నుంచి చూపు తిప్పేశాను.

"సార్, ఈడ కూచుని ముప్పయ్యొకటి కొట్టండి."

"ఎందుకమ్మా?"

"కొట్టండి సార్."

కొట్టారు. ఎడమచేతి నడిమివేలు పైవరసకు పోయింది, మూడు పడింది. తర్వాత ఎడమ చిటికెనవేలు పైకి పోవాలి. పోలేదు. కుడిచేతి ఉంగరంవేలు ఉన్నచోటే కిందికి దిగింది.

మీ తరానికి తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతున్నాను. మా పాత టైపు మిషన్లలో ఒకటి అంకెకు మీటే ఉండేది కాదు. ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం నిలువు గీతే కదా, ఒకటి రావలసిన చోట దాన్నే కొట్టేవాళ్ళం. పరీక్షలో కూడా అదే ఒప్పు. మాస్టారు జీవితమంతా అట్లాగే కొట్టారు, మాకూ అట్లాగే నేర్పారు. నేను కుడివైపు అంకెల మీటలకు మారిపోయాక నా వేలు ఆ సంగతే మరిచిపోయింది. కాగితం చదివే మనిషికి రెండూ ఒకటే. ముప్పయ్యొకటి అనే అంకె కోసం వెతికే కంప్యూటర్‌కు మాత్రం మూడు పక్కన ఎల్ ఉంటే అది ఎత్తే కాదు.

మాస్టారు నా ముఖం చూశారు, తన చెయ్యి చూసుకున్నారు. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మెల్లగా లేచి గోడ పక్కకు పోయి నిలబడ్డారు.

"అన్నీ మళ్ళా కొట్టాలంటే సాయంత్రమయితాదక్కా" అన్నాడు సారు. "ఎల్లన్నీ ఒకట్లు చేసేద్దామంటే లక్ష్మిలో ఎల్ పోతాది, ఆళ్లగడ్డలో ఎల్లులు పోతాయి."

"అన్నీ ఎందుకు సారూ? మీరు చెప్పిన పాఠమే గదా. ఎత్తులన్నీ ఎత్తు ట్యాగు లోపలే ఉండాయి."

ఎత్తు ట్యాగును మూసే గుర్తుకు ఆనుకుని ముందు ఎల్ ఉంటే దాన్ని ఒకటి చెయ్యమని ఒకసారి, తెరిచే గుర్తు వెంటనే ఎల్ ఉంటే దాన్ని ఒకటి చెయ్యమని ఇంకోసారి చెప్పాను. రెండే మాటలు. లక్ష్మి జోలికి పోలేదు, ఆళ్లగడ్డ జోలికి పోలేదు. ఉత్త కాగితం మీద కొట్టిన వివరాలైతే మనిషి కూర్చుని ఒక్కొక్కటీ ఏరాలి. పైగా మాస్టారు ఒక్కచోట ట్యాగు తప్పు కొట్టి ఉన్నా నా రెండు మాటలూ అక్కడ పనిచేసేవి కావు. ఆయన ఎక్కడా తప్పు కొట్టలేదు. ఇది అందరికీ వినపడేట్టు గట్టిగా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

ఇక సర్వర్‌కు ఎక్కించాలి. అప్పట్లో నెట్‌కూ ఫోన్‌కూ ఒకటే లైను. నెట్ కలిపితే కమిటీవాళ్ళు ఫోన్ చేసినా తగలదు, తగలకపోతే లేచి పోతారు. పెద్దాయన పంచె ఎగగట్టి పక్కనున్న ఎస్టీడీ బూతుకు పరిగెత్తాడు. ఇక్కడ మోడెం కీచుమంటూ కలిసేది, సగం ఎక్కగానే తెగేది. తెగిన ప్రతిసారీ మళ్ళీ కలిపాను. బూతులోంచి ఆయన గొంతు రోడ్డంతా వినపడుతోంది.

"ఉండండి స్వామీ, బేగా వస్తాది! లక్ష్మీదేవి బయల్దేరింది!"

ఎక్కింది. మా పేజీలో ముప్పయ్యొకటి కొట్టాను. నల్లరాతి లక్ష్మి పద్మంలో కూర్చుని వచ్చింది. లైను తెంచేసరికి ఫోన్ మోగింది.

"బంతమ్మా, బంతు! ఎల్లా బంతు! గురువారం మేమే వస్తాము ఆళ్లగడ్డకు."

వచ్చాయట, అన్నీ వచ్చాయట. పెద్దాయన బూతు నుంచి పరిగెత్తుకొచ్చాడు, శిల్పులు ముగ్గురూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. గొణిగినాయన నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. నేను ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కాస్త సద్దుమణిగాక పెద్దాయన అడిగాడు, "ఇంతకూ తప్పు యాడొచ్చింది తల్లీ?" అని. ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని నోరు తెరిచాను. గోడ దగ్గర నుంచి మాస్టారు, "నాది" అన్నారు. "నా ఏలుది."

కమిటీవాళ్ళు గురువారం వచ్చారు, పని ఆళ్లగడ్డకే ఇచ్చారు. ఎత్తు ట్యాగులో అంకెలు తప్ప మరేదీ పడకూడదన్న కట్టుబాటు ఎట్లా రాయాలో సారు దాటేసిన పేజీలు నేనే చదువుకుని రాశాను, సారు నా దగ్గర నేర్చుకున్నాడు. అయితే అదంతా తర్వాత. మంగళవారం పొద్దున నేను పోయేసరికి మాస్టారు కంప్యూటర్ ముందు కాదు, పాత కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"బట్టల షాపాయన వస్తాండాడు. గదులు ఇచ్చేస్తా. నువ్వు ఆ కంప్యూటర్ తీసుకుని యాడన్నా పెట్టుకో. నీకు పని వస్తాది."

"మీరో సార్?"

"ఇన్నేండ్లు అదే ఒప్పని కొట్టిన ఏలు. దాన్ని నమ్మి ఇంగ ఎవురి బతుకులూ పెట్టగూడదు. ఈ వయసులో ఏలు మాట ఇంటాదా?"

నాకు మళ్ళీ కోపం వచ్చింది. "ఇనకపోతే ఇనేదాకా కొడదాం. నా చేతికి మాట నేర్పింది ఎట్లనో మీకు గుర్తులేదా సార్? లెయ్యండి."

మాస్టారితో లెయ్యండని నేను అంతకుముందెన్నడూ అనలేదు. ఆయన లేచి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ట్యాగులు వద్దు, విగ్రహాలు వద్దు, ఒక్క ఒకటి మాత్రమే కొట్టమన్నాను. ఎడమ చిటికెనవేలు పైకి పోయి, కొట్టి, మళ్ళీ తన చోటికి రావాలి. కొత్తగా చేరినవాళ్ళకు చెప్పినట్టే చెప్పాను. మీటలు చూడొద్దు సార్, ఎదురుగా చూడండి అన్నాను. ఆయన ఎదురుగానే చూశారు. ప్రతిసారీ ముందు కుడి ఉంగరంవేలే కదిలేది, దిగబోయేది. పళ్ళు బిగించి దాన్ని గాల్లోనే ఆపి, చిటికెనవేలిని పైకి పంపేవారు. కొన్నిసార్లు ఆగేది కాదు. అప్పుడు నేను వరస మొత్తం చెరిపేసేదాన్ని, ఆయన మొదటి నుంచి మొదలుపెట్టేవారు.

బట్టల షాపాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏమప్పా, మాట్లాడుకుందామా అన్నాడు.

మాస్టారు తల తిప్పలేదు. "ఈడ బ్యాచ్ నడుస్తాండాది నాయనా. గదులు ఖాళీ లేవు" అన్నారు.

నేను ఆయన ఉంగరంవేలి మీద నుంచి కన్ను తీయలేదు.